సవరణ: వానలో వేటకు డౌన్ స్లీపింగ్ బ్యాగ్

అలాస్కాలోని కోడియాక్ దీవిలో జింకల వేట గురించి రాసినప్పుడు "850 ఫిల్ పవర్ డౌన్ బ్యాగ్ ఉంటే వానకు భయం లేదు" అన్నాను. ఆ వాక్యం తీసేశాను. డౌన్ అంటే వెచ్చదనానికి బ్యాగ్‌లో నింపే బాతుల మెత్తటి నూగు. ఫిల్ పవర్ అంటే ఒక ఔన్సు డౌన్ ఎన్ని ఘనపు అంగుళాలు పొంగుతుందన్న లెక్క మాత్రమే, తడికి దానితో పని లేదు. నీరు అంటని పూత వేసిన డౌన్ కూడా ఆలస్యంగా తడుస్తుంది, అంతే. పైగా తడి వానతోనే రాదు. రాత్రంతా ఒంటి ఆవిరి లోపలికి చేరుతుంది, ఎండ లేక ఆరదు, కొన్ని రాత్రులకే కాళ్ల దగ్గర డౌన్ ఉండలు కట్టి చలి తగులుతుంది. వారం పైబడి ఉండేవాళ్లు, బరువు ఎక్కువైనా సరే, కృత్రిమ పోగులు నింపిన సింథటిక్ బ్యాగ్ తీసుకోండి. డౌనే కావాలంటే వాటర్‌ప్రూఫ్ సంచిలో మోయండి. తడి సాక్సులు మాత్రం దయచేసి స్లీపింగ్ బ్యాగ్‌లో ఆరేయకండి.