విడుదలయ్యాకే అసలు చిక్కు

బెలారస్ రాజకీయ ఖైదీలు లిథువేనియా చేరారు, ఇక గండం గడిచినట్టే అని ఒక వ్యాసంలో రాశారు. గడవలేదండీ. 2025 సెప్టెంబరు 11న వదిలిన 52 మందిలో చాలామంది చేతిలో పాస్‌పోర్టే లేదు. 2023 సెప్టెంబరులో వచ్చిన 278వ నంబరు అధ్యక్ష డిక్రీ (ఉత్తర్వు)తో విదేశాల్లోని బెలారస్ ఎంబసీలు కొత్త పాస్‌పోర్టులివ్వడం మానేశాయి. గడువు తీరితే స్వదేశానికే వెళ్లాలి, అంటే మళ్లీ జైలు గుమ్మంలోకే! పోనీ అక్కడి ఫ్లాటు అమ్ముకుందామన్నా, విదేశంలో రాయించిన పవరాఫ్ అటార్నీ చెల్లదు. అందుకే తొలి నెలల్లో అద్దె, వైద్యం ఖర్చులతోపాటు, ఆశ్రయమిచ్చిన దేశం నుంచి ప్రయాణ పత్రం తెచ్చుకోవడానికి లాయరు సాయం కూడా కావాలి.

ఈ సాయానికి డబ్బు బయటి దేశాల నుంచే పంపాలి. ఇలాంటి బాధితులకు సాయపడే నిధి బైసోల్‌కు బెలారస్ బ్యాంకు కార్డుతో కడితే 'అతివాదానికి నిధులు' కేసు పెడతారు. 2024 జనవరిలో సరుకుల సాయం అందుకున్న ఖైదీల కుటుంబాల ఇళ్లనూ బెలారస్ భద్రతా సంస్థ కేజీబీ సోదా చేసింది. కాబట్టి సాయం పొందినవాళ్ల పేర్లు, ఫొటోలు ఎక్కడా పెట్టకండి, మెచ్చుకోలుగానైనా సరే.