గరగరలాడితే రోబో గొంతు అయిపోదు

టేబుల్ ఫ్యాన్ ముందు కూర్చుని ‘ఆ...’ అని దీర్ఘం తీయని పిల్లలు మన ఇళ్లలో అరుదు. నిమిషానికి 1200 చుట్లు తిరిగే మూడు రెక్కల ఫ్యాన్ ఆ గొంతును సెకనుకు 60 సార్లు కోస్తుంది. 1963లో బ్రిటిష్ టీవీ సీరియల్ ‘డాక్టర్ హూ’లో రోబోల్లా కనిపించే డాలెక్‌ల కోసం, బీబీసీలో శబ్దాలు తయారుచేసే రేడియోఫోనిక్ వర్క్‌షాప్ వాళ్లు రెండు తరంగాలను గుణించే రింగ్ మాడ్యులేటర్‌తో చేసిందీ ఇంచుమించు ఇదే. గొంతును 30 హెర్ట్జ్ (సెకనుకు 30 సార్లు ఊగే) సైన్ తరంగంతో గుణించారు. ఆ తరంగం సెకనుకు 60 సార్లు సున్నా దాటుతుంది కాబట్టి మాట అన్నిసార్లు మాయమై మళ్లీ వస్తుంది. పైగా 160, 320, 480 హెర్ట్జ్ అంటూ వరుసగా ఉండే గొంతు స్వరాలు 130, 190, 290, 350, 450, 510గా చీలిపోతాయి. ఒకదానికొకటి పొంతన లేని ఆ అంకెలే చెవికి లోహంలా తోస్తాయి.

ఈ ముద్ర ఎంత బలంగా పడిందంటే, రీల్స్, షార్ట్ ఫిల్ములు చేసేవాళ్లలో చాలామందికి రోబో గొంతంటే గరగరే. డిస్టార్షన్ వేస్తారు, ఎకో కలుపుతారు, పిచ్ కిందికి లాగుతారు. చివరికి వినిపించేది రోబో కాదు, జలుబు చేసిన రాక్షసుడు.

అసలు కిటుకు వేరు. ‘వచ్చావా’ అని మామూలుగా అడగడానికీ, ఆశ్చర్యపోతూ అనడానికీ అక్షరాల్లో తేడా లేదు. తేడా అంతా శ్రుతి ఎగుడుదిగుళ్లలోనే. వాటిని చదును చేస్తే మాటలోని మనిషి సగం వెళ్లిపోతాడు. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ‘ప్రాట్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇది ఐదు నిమిషాల పని. రికార్డింగ్‌ను మానిప్యులేషన్ విండోలో తెరిస్తే శ్రుతి చుక్కల గీతలా కనిపిస్తుంది. చుక్కలన్నీ చెరిపేసి, మగ గొంతుకైతే 120, ఆడ గొంతుకైతే 200 హెర్ట్జ్ దగ్గర ఒక్క చుక్క పెట్టాలి. గొంతును దగ్గరి స్వరానికి లాగే ఆటో-ట్యూన్‌లో అయితే రీట్యూన్ స్పీడ్ సున్నాకు తెచ్చి, స్కేల్‌లో ఒక్క స్వరమే ఉంచాలి. అక్కడో చిక్కుంది. వాక్యం చివర గొంతు బాగా దిగితే, ఆటో-ట్యూన్ అదే స్వరం కింది స్థాయికి దూకి పట్టుకుంటుంది. అందుకే రికార్డింగ్ అప్పుడే డైలాగ్‌ను వీలైనంత ఏకశ్రుతిలో చెప్పించాలి.

ఇంకాస్త యంత్రం కావాలంటే వొకోడర్. ఇది గొంతును బ్యాండ్లుగా, అంటే హెర్ట్జ్ వారీ ముక్కలుగా విడదీసి, ఆ మాట ఆకారాన్ని మరో శబ్దం మీద అద్దుతుంది. బెల్ ల్యాబ్స్‌లో హోమర్ డడ్లీ 1930లలో దీన్ని రూపొందించింది రోబోల కోసం కాదు, ఫోన్ లైన్ల మీద మాటను తక్కువ జాగాలో పంపడానికి. ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటర్‌లో చేయాలంటే గొంతును మోనోలో ఉంచి, దాని కింద అంతే నిడివితో 110 హెర్ట్జ్ సాటూత్ టోన్ (రంపపు పళ్ల ఆకారపు తరంగం) పుట్టించి, రెండింటినీ ఒకే స్టీరియో ట్రాక్‌గా కలపాలి. ఎడమ చానల్లో గొంతు, కుడి చానల్లో టోన్ ఉండాలి. తారుమారైతే మాట పలకదు.

తెలుగుకు అసలు దెబ్బ తగిలేది ఇక్కడే. ‘స’, ‘శ’లు గొంతు నాదం కావు, గాలి రాపిడి. ‘స’ బలం 4000 హెర్ట్జ్ పైన ఎక్కువ, ‘శ’ది కాస్త కింద మొదలవుతుంది. 110 హెర్ట్జ్ సాటూత్‌లో అంత ఎత్తున సరుకు తక్కువ, ఉన్నదీ బుర్రుమనే మోతే. దాంతో ‘సరే’ కాస్తా ‘అరే’ అవుతుంది. డడ్లీ యంత్రంలో నాదానికి ఒక బజ్, రాపిడికి ఒక హిస్ విడివిడిగా ఉండేవి. ఆ రెండోదాన్ని మనం మరిచిపోతున్నాం. అసలు గొంతుకు ఒక కాపీ తీసి, 4000 హెర్ట్జ్ కింది శబ్దాన్ని కోసేసే హై-పాస్ ఫిల్టర్ వేసి, వొకోడర్ ట్రాక్ కింద 12 డెసిబెల్స్ తగ్గించి కలిపితే ఊష్మాలు తిరిగొస్తాయి.

వొకోడర్ బ్యాండ్ల సంఖ్యతోనూ జాగ్రత్త. 40 దగ్గర మొదలుపెట్టడం మేలు. పదికి దింపితే అచ్చులే కలిసిపోతాయి. వంద దాటిస్తే ఒక్కో ఫిల్టర్ సన్నబడి, శబ్దం ఆగాకా కాసేపు మోగుతూనే ఉంటుంది. ద్విత్వంలో ఉండే చిన్న నిశ్శబ్దం ఆ మోతలో పూడుకుపోయి, ‘ఒక్క’కీ ‘ఒక’కీ తేడా పోతుంది. రింగ్ మాడ్యులేటర్‌తో వచ్చే తంటా ఇంకోటి. ‘ట’, ‘త’ల విడుదల కొన్ని మిల్లీసెకన్ల పనే. అది సరిగ్గా తరంగం సున్నాలో ఉన్న క్షణాన పడితే ‘పాట’ ఏదో ‘పాత’ ఏదో తెలియదు. 30 హెర్ట్జ్‌ను 27కో 33కో మార్చి ఆ ముక్కను మళ్లీ రెండర్ చేసుకోవాలి.

లోహపు డబ్బాలోంచి వస్తున్నట్టు ఉండాలంటే గొంతు కాపీని 10 మిల్లీసెకన్లు ఆలస్యంగా కలిపే డిలే చాలు. ప్రతి 100 హెర్ట్జ్‌కూ ఒక శిఖరం లేస్తుంది. 50 మిల్లీసెకన్లు దాటితే అది డబ్బా కాదు, ఖాళీ గోడౌన్.

ఇవన్నీ చేసేముందే నాయిస్ తీసేయాలి. గదిలో ఫ్యాన్ తిరుగుతుండగా రికార్డు చేసి వొకోడర్ వేస్తే, డైలాగుల మధ్య ఖాళీల్లో కూడా రోబో గొణుగుతూనే ఉంటుంది.