చెంబు, స్టూలు, ఆయుర్దాయం

విశాఖలో ఎనభై దాటినవాళ్ళు పెరుగుతున్నారు, వాళ్ళలో ఒకరి ఆసరా లేనిదే కదల్లేనివాళ్ళూ పెరుగుతున్నారు అని బెంగపడేవారికి ఒక మనవి: మానండి. పండు ముసలివారి వైకల్యాన్ని రెండేళ్ళలో సగానికి దించవచ్చు. డాక్టర్లు అక్కర్లేదు. ఒక స్టూలు, గోడకో కడ్డీ, ఇల్లిల్లూ తిరిగి పెద్దవాళ్ళ ఆరోగ్యం రాసుకునే సర్వేయరుకి కాస్త లోకజ్ఞానం ఉంటే సరి.

ముందు లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో 2019లో మన దేశంలో సగటు ఆయుర్దాయం 70.8 ఏళ్ళు, ఆరోగ్యకర ఆయుర్దాయం, అంటే అందులో ఆరోగ్యంగా గడిచే ఏళ్ళు, 60.3. అంటే చివరి పదిన్నరేళ్ళూ మంచంలోనే అని కాదు. పుట్టిన దగ్గర్నుంచి జబ్బులకు చిల్లరగా పోయిన ఆరోగ్యాన్నంతా కూడగడితే అంత. పెద్దవాళ్ళ విషయంలో ఎక్కువగా వాడేది 1971లో ఆరోగ్య గణాంకాల నిపుణుడు సల్లివన్ చెప్పిన పద్ధతి. ఒక్కో వయసు గుంపు బతికే మొత్తం ఏళ్ళను, ఆ వయసులో వైకల్యం లేనివారి శాతంతో గుణించాలి. అన్నీ కూడి, మొదట ఎంతమంది ఉన్నారో అంతతో భాగించాలి. 85వ ఏట వందమంది ఉన్నారనుకోండి, అందరికీ కలిపి ఇంకా 500 ఏళ్ళున్నాయనుకోండి. అన్ని వయసుల్లోనూ సగంమంది సాయం కావాలన్నారు. మనిషికి 5 ఏళ్ళ బతుకు, అందులో రెండున్నర ఆరోగ్యం.

ఇక్కడే మన పథకానికి మొదటి మెట్టు దొరుకుతుంది. మంచంలో ఉన్నవారికి నిమోనియా వస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళకండి. తర్వాతి సర్వేకి వాళ్ళుండరు. ఆయుర్దాయం కాస్త తగ్గుతుంది గానీ, అందులో ఆరోగ్యం వాటా పెరుగుతుంది. వైద్యం గెలిచినకొద్దీ రోగకాలం సాగుతుందని 1977లో అమెరికా మనోవైద్యుడు గ్రూయెన్‌బర్గ్ వాపోయాడు. కాదు, రోగమంతా చివరి కొద్దికాలంలోకి కుదించుకుపోతుందని 1980లో అమెరికా వైద్యుడు ఫ్రైస్ ధైర్యం చెప్పాడు. ఇద్దరినీ ఒక్క దెబ్బతో ఒప్పించే మార్గం ఇదే.

మనసొప్పదంటే స్నానాల గదికి రండి. వైకల్యం పుట్టేదీ పోయేదీ అక్కడే. మనిషి ఒకరి సాయం లేకుండా గడుపుకోగలడా అని తూచడానికి 1963లో అమెరికా వైద్యుడు కాట్జ్ ఇచ్చిన జాబితాలో ఆరు పనులు: స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డి, మంచం దిగి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తినడం. అన్నం ఎవరు వండినా ఫర్వాలేదు, నోట్లో పెట్టుకుంటే చాలు. స్నానంలో ఒక్క భాగానికి, వీపుకనుకోండి, ఎవరైనా సాయపడితే మనిషి స్వతంత్రుడే. వీపుతో పాటు పాదాలు కూడా రుద్దారో, పరాధీనుడు. సర్వేయరమ్మ అడుగుతుంది: "తాతగారూ, స్నానం మీ అంతట మీరే చేస్తారా?" "చేస్తానమ్మా, నాకేం!" లోపల్నుంచి కోడలి గొంతు: "నీళ్ళు తోడి, కూర్చోబెట్టి, వీపూ కాళ్ళూ రుద్ది, తుడిచి బయటకి తెచ్చేదెవరండీ మావయ్యగారూ?" సాకేవాళ్ళు చెబితే వైకల్యం తరచు ఎక్కువే పడుతుంది. కాబట్టి రెండో మెట్టు: కోడలు పూర్ణా మార్కెట్‌కి వెళ్ళిన వేళ చూసి తలుపు కొట్టాలి.

మూడో మెట్టుకి కొంచెం ఖర్చుంది. మోకాలెత్తు స్టూలు, సుమారు 45 సెంటీమీటర్లు, కాళ్ళకి రబ్బరు తొడుగులు ఉండాలి. పల్చటి ప్లాస్టిక్‌ది వద్దు, తడి టైల్స్ మీద దాని కాళ్ళు విచ్చుకుంటాయి. గోడకి 85–90 సెంటీమీటర్ల ఎత్తున స్టీలు కడ్డీ, ఇటుకలోకి దిగేలా బోల్టులతో. గాలితో అంటుకునే పిడి టైలు మీద ఊడొస్తుంది. తువ్వాలు కడ్డీ సంగతి చెప్పనక్కర్లేదు, అది తువ్వాలు బరువుకే వంగుతుంది. నేలబారు మరుగుదొడ్డి తీసి కమోడ్ పెట్టారా, గొంతుక్కూర్చోలేని మోకాలు ఆ రాత్రికి రాత్రే ఆరోగ్యవంతమైపోతుంది. మోకాలికి మాత్రం ఈ సంగతి తెలియదు.

నవ్వులాట కాదిది. చైనాలో 80 నుంచి 105 ఏళ్ళవారిని 1998లోనూ 2008లోనూ పోల్చి చూశారు. రోజువారీ పనుల్లో వైకల్యం తగ్గింది. కానీ కుర్చీలోంచి లేవడం, నేల మీది పుస్తకం తీయడం లాంటి పరీక్షల్లోనూ జ్ఞాపకశక్తిలోనూ కొత్తవాళ్ళే వెనకబడ్డారు. డెన్మార్క్‌లో 1905లో పుట్టినవారిని 93వ ఏట, 1915లో పుట్టినవారిని 95వ ఏట పరీక్షిస్తే, రెండో జట్టు బుద్ధిబలంలోనూ రోజువారీ పనుల్లోనూ మెరుగు. పిడికిలి పట్టు, నడక వేగం వంటివాటిలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. మనిషికన్నా ఇల్లే ముందు బాగుపడిందేమో అనిపిస్తుంది. (ఇల్లు బాగుపడటం తక్కువ సంగతేం కాదు, ఆ మాట వేరే.)

ఎవరిని అడగాలన్నది అన్నిటికన్నా తేలిక. ఆర్కే బీచ్‌లో పొద్దున్న ఆరింటికి అడగండి. లిఫ్టు లేని అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు దిగలేని బామ్మగారు అక్కడ కనబడరు కాబట్టి ఫలితాలు చల్లగా వస్తాయి. ఇంకా గట్టిగా కావాలంటే సింహాచలం గిరిప్రదక్షిణ రోజున, 32 కిలోమీటర్లు పూర్తి చేసి కూర్చున్నవారినే తీసుకోండి.

వయసు సంగతీ ఉంది. పుట్టినరోజు కాగితం లేని తరం, 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డప్పుడు నడుస్తున్నారా, చంకలో ఉన్నారా అని అడిగి లెక్క కట్టాలి. అలా అడిగే ఓపిక లేని సర్వేయరు 80, 85, 90 అని గుండుసున్నాకో అయిదుకో సర్దేస్తాడు. 78 ఏళ్ళ దృఢకాయుడు 85 అని రాయించుకుంటే, ఎనభై అయిదేళ్ళవాళ్ళందరి ఆరోగ్యమూ కాస్త పెరుగుతుంది. పుణ్యం ఊరికే పోదు.

ఇక మిగిలింది డబ్బు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుకి 80వ ఏట 20 శాతం అదనం, 90కి 40, నూరేళ్ళకి నూరు శాతం. రాష్ట్రంలో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000, పూర్తిగా మంచానికే పరిమితమైతే 15,000. మంచం పట్టినవారికి ఇవ్వవలసిందే, అందులో మాట లేదు. స్నానాల గదిలో కడ్డీకి మాత్రం ఏ పద్దులో రాయాలో చూసి చెప్పండి. బోల్టులు తెచ్చి ఉంచాం.