ముసుగు అక్కర్లేని విగ్రహాలు

ఎన్నికల కోడ్ వచ్చిన మర్నాడు విశాఖలో ఒక పని చకచకా జరిగిపోతుంది. మున్సిపల్ సిబ్బంది నిచ్చెన, పురికొస, తాను గుడ్డ పట్టుకుని బయల్దేరతారు. కూడలిలో ఉన్న నాయకుడి విగ్రహానికి తల మీంచి గుడ్డ కప్పి, మెడ దగ్గర ఒక ముడి, నడుము దగ్గర ఒక ముడి వేస్తారు. జనానికి అభివాదం చేస్తున్నట్టు పైకెత్తిన చెయ్యి దగ్గరే వచ్చేది తంటా. అక్కడ గుడ్డ చాలదు. రెండు రోజులు సముద్రపు గాలి కొట్టేసరికి ముడి వదులై, ముసుగులోంచి నాలుగు వేళ్లు బయటికొస్తాయి. 2024 మార్చి 16న కోడ్ వచ్చాక రాష్ట్రమంతా ఇదే తంతు. దారిన పోయేవాళ్లు నవ్వుకుని పోయారు. చనిపోయిన మనిషి రూపాన్ని మూటగట్టి నడిరోడ్డు మీద నిలబెట్టామన్న చింత మనలో ఎవరికీ కలిగినట్టు లేదు.

ఇదే ఊళ్లో ఫిడేలు విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడి విగ్రహం ఉంది. దానికి ముసుగు అక్కర్లేదు. బీచ్ రోడ్డులో 1971 యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో కట్టిన స్మారకం ఉంది. దానికీ అక్కర్లేదు. గాంధీకి, అంబేడ్కర్‌కి కూడా కప్పరు. ఎవరి ముఖం చూస్తే ఓట్లు గుర్తొస్తాయో వాళ్ల ముఖమే కప్పుతారు. కోడ్ దృష్టిలో ఆ విగ్రహం స్మారకం కాదు, ప్రచార సామగ్రి. ఇందులో ఎన్నికల సంఘాన్ని తప్పు పట్టాల్సిందేమీ లేదు. మన మనసులో ఉన్నదాన్నే వాళ్లు గుడ్డ కప్పి మరీ చూపిస్తున్నారు.

పోయిన నాయకులకు ఈ నగరం ఇచ్చే మర్యాద గురించి మా ఫిర్యాదు ఇదే. మర్యాద ఎక్కువైందని కాదు. అది పోయినవాళ్ల కోసం జరగడం లేదు. విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ 2022లో వైఎస్సార్ పేరుకు మారింది. ప్రభుత్వం మారగానే మళ్లీ ఎన్టీఆర్ పేరు వచ్చింది. మన సీతకొండ వ్యూ పాయింట్ మీద కలాం పేరు పోయి వైఎస్సార్ పేరు వచ్చింది, 2024 ఎన్నికలయ్యాక తిరిగి కలాం పేరే వచ్చింది. మధ్యలో బాగుపడింది బోర్డులు రాసే పెయింటర్ ఒక్కడే. ఎన్టీఆర్ మీద గాని, వైఎస్ మీద గాని జనానికున్న ప్రేమ అబద్ధం కాదు. 1996 జనవరిలోనూ, 2009 సెప్టెంబరులోనూ సొంత మనిషి పోయినట్టు ఏడ్చినవాళ్లు ఈ ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. అలాంటి ఇద్దరి పేర్లని మేకుకు తగిలించే చొక్కాల్లా ఒకటి తీసి ఒకటి వేస్తున్నది వాళ్ల పేరు చెప్పుకుని బతికే పార్టీలే. ప్రత్యర్థులు చేసిన అవమానం కంటే అభిమానులు చేసిందే ఎక్కువ.

రాజకీయ నాయకుడైతే చాలు, చచ్చాక గౌరవం ఉండదని అనుకోనక్కర్లేదు. తెన్నేటి విశ్వనాథం 1979లో పోయారు. ప్రకాశం పంతులు వెంట నడిచిన మనిషి, ఉక్కు ఉద్యమంలో ముందు నిలిచిన మనిషి. బీచ్ రోడ్డులో ఆయన పేరున్న పార్కుకి సాయంత్రమైతే పిల్లల్ని తీసుకుని వెళ్తాం, బల్ల మీద కూర్చుని మొక్కజొన్న పొత్తు తింటాం. ఎన్ని ప్రభుత్వాలు మారినా ఆ పేరును ఎవరూ ముట్టుకోలేదు. ఆ పేరుతో ఇవాళ ఎవరికీ ఓటు రాదు మరి. (అదే ఉద్యమంలో పోలీసు కాల్పులకు 32 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లలో ఒక్కరి పేరైనా తడుముకోకుండా చెప్పగలవాళ్లు ఈ నగరంలో ఎందరు? మా ఆఫీసులోనే అడిగి చూశాం. ఫలితం రాయడానికి సిగ్గుగా ఉంది.)

ఇక సైనికుడి సంగతి. విశాఖ తూర్పు నౌకాదళానికి కేంద్రం. నావికుడు లేని వీధి ఈ ఊళ్లో తక్కువ. కూడలి పేర్లే చూడండి, ఎన్‌ఏడీ అంటే నౌకాదళ ఆయుధాల డిపో అని తెలియకుండానే రోజూ బస్సు కండక్టర్‌తో ఆ మాట అంటాం. డిసెంబరు 4 నేవీ డే. ఆ రోజు విన్యాసాలు ఇక్కడ జరిగిన ఏళ్లలో వాటిని చూడ్డానికి బీచ్ రోడ్డు కిక్కిరిసిపోయేది. హెలికాప్టర్లు, కమాండోలు, చీకటి పడ్డాక నౌకల మీద దీపాలు. పిల్లలు భుజాలెక్కి కూర్చునేవారు. మరో మూడు రోజులకే డిసెంబరు 7 వస్తుంది, సాయుధ దళాల పతాక దినోత్సవం. 1949 నుంచి జరుగుతోంది. మాజీ సైనికుల కోసం, అమరుల కుటుంబాల కోసం విరాళాలు పోగుచేసే రోజు. ఆ రోజు బీచ్ రోడ్డు మామూలుగానే ఉంటుంది. కలెక్టరేట్లో ఒక ఫోటో, కొన్ని బళ్లలో పిల్లల చొక్కాలకు చిన్న జెండాలు, అంతటితో సరి. నాలుగో తేదీ జనంలో పదో వంతు ఏడో తేదీన డబ్బాలో తలో పది రూపాయలు వేసినా కథ వేరేలా ఉండేది.

యుద్ధంలో పోయిన జవానుకు మనం చూపించే గౌరవాన్ని తక్కువ చెయ్యలేం. పెట్టె మీద జాతీయ జెండా కప్పుతారు, కాషాయం రంగు తల వైపు ఉండాలి. చితికి నిప్పంటించే ముందు ఆ జెండాని తీసేసి మడతపెట్టాలి, అది మంటల్లో కాలకూడదు, గోతిలోకి దిగకూడదు. సైన్యం ఆ మడతని ఎంత నిదానంగా పెడుతుందో చూసినవాళ్లకి తెలుసు. అక్కడ ఎవరూ తొందరపడరు, ఎవరూ కెమెరా వైపు చూడరు. ఇవతల అదే శ్మశానం దారిలో కట్టిన ఫ్లెక్సీ చూడండి. పైన ‘అశ్రునివాళి’ అని పెద్దక్షరాలు. మధ్యలో జవాను ఫోటో, పాస్‌పోర్టు సైజు నుంచి లాగి పెంచింది కాబట్టి మసకగా ఉంటుంది. చుట్టూ వార్డు నాయకుడు, ఆయన పైనాయన, ఆ పైనాయన. అందరివీ స్టూడియోలో తీయించుకున్న ఫోటోలు, చేతులు జోడించి, అందులో ఒకరిద్దరు నవ్వుతూ. ఎవరికి నివాళో కొత్తవాడికి వెంటనే అర్థం కాదు. 2022 ఆగస్టులో ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధాన్ని ప్రకటించింది ఇదే విశాఖలో. ఆ ప్రకటనకీ ఫ్లెక్సీలు కట్టే ఉంటారు.

పోరాడి, బతికి, రిటైరై, డెబ్బై ఎనిమిదో ఏట ఏ గోపాలపట్నంలోనో మంచం మీద పోయిన హవల్దారుకు అదీ లేదు. ఆయన 1971లో ఎక్కడున్నాడో వీధిలో ఎవరికీ తెలియదు. మధ్యలో ఇరవయ్యేళ్లు ఏ అపార్టుమెంటు గేటు దగ్గరో సెక్యూరిటీ గార్డుగా సెల్యూట్ కొట్టి ఉంటాడు, అదీ కార్ల వాళ్లకి. పోయాక పింఛను భార్య పేరుకు మారడానికి ఆవిడ ఎన్నిసార్లు కాగితాలు పట్టుకు తిరగాలో ఆ ఇంటివాళ్లకే ఎరుక. పశ్చిమ గోదావరి జిల్లాలో మాధవరం అనే ఊరుంది. తరతరాలుగా ఇంటికొకరు సైన్యంలోకి వెళ్తూ ఉంటే జనమే దాన్ని మిలటరీ మాధవరం అన్నారు. ఏ జీవో రాలేదు, ఏ బోర్డూ మార్చలేదు. అలా పిలుచుకోవడం అలవాటైపోయింది, అంతే.

గౌరవం అంటే ఏమిటో మా నౌకాదళమే ఇంకో చోట చూపించింది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరానికి దగ్గర్లోనే మునిగిపోయింది. మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం కాచుకుని వచ్చింది అది. అందులో ఉన్నవాళ్లెవరూ బతకలేదు. శిథిలం ఎక్కడుందో మనవాళ్లకు తెలుసు. దాన్ని కదపకుండా వదిలేశారు. సముద్రంలో పోయిన నావికుడికి సముద్రమే సమాధి, ఆ సమాధిని కెలకకూడదన్నది వాళ్ల సంప్రదాయం. కురుసుర జలాంతర్గామిని ఇసుక మీదకి తెచ్చి మ్యూజియం చేసి టికెట్ పెట్టాం, మంచిదే. దాని ఎదురుగా నీళ్ల అడుగున మనల్ని చంపడానికి వచ్చినవాళ్లు నిశ్శబ్దంగా ఉన్నారు. వాళ్లని కూడా ఎవరూ ఆటపట్టించడం లేదు. శత్రువుకు ఇచ్చిన ఈ మర్యాద మన కూడలిలోని మన నాయకుడికి దక్కడం లేదు.

సంగీతకారుల విషయానికి వస్తే సర్కారు లెక్క మారుతుంది. 2020 సెప్టెంబరులో బాలసుబ్రహ్మణ్యం చెన్నైలో పోతే, తుపాకులు గాల్లోకి పేల్చి గౌరవ వందనం ఇచ్చింది తమిళనాడు పోలీసులు. మన ప్రభుత్వం నెల్లూరు సంగీత పాఠశాలకు ఆయన పేరు పెట్టింది. 2023 ఆగస్టులో గద్దర్ పోతే తెలంగాణ ప్రభుత్వం అధికార లాంఛనాలు జరిపింది, అభ్యంతరాలూ వచ్చాయి. లాంఛనాలు ఎవరికి, ఎందుకు అన్నది చివరికి ముఖ్యమంత్రి ఆ పూట తీసుకునే నిర్ణయమే అయినంత కాలం ఈ గొడవ తప్పదు.

జనం మాత్రం ఎవరి ఆర్డరూ కోసం చూడరు. ఈ నగరంలో ఎవరింట్లో మరణం జరిగినా, కులం ఏదైనా, పార్టీ ఏదైనా, గుమ్మం దగ్గర ఒక చిన్న స్పీకరు పెడతారు. అందులోంచి వచ్చేది ఘంటసాల గొంతులోని భగవద్గీత. వైకుంఠ రథం డ్రైవర్ పెన్ డ్రైవ్‌లో ఉండేదీ అదే. ఎమ్మెల్యే పోయినా, సుబేదారు పోయినా చివరి మైలు ఆయన గొంతే సాగనంపుతుంది. విజయనగరంలో వారాలు చేసుకుంటూ, జోలె పట్టి అన్నం తెచ్చుకుని సంగీతం నేర్చుకున్న కుర్రాడు. 1942 ఉద్యమంలో జైలుకెళ్లాడు. 1974 ఫిబ్రవరి 11న, యాభై రెండేళ్లయినా నిండకుండానే పోయాడు. ఇంతమంది శవాల పక్కన రోజూ పలుకుతున్న మనిషికి వేరే స్మారకం ఏం కడతాం?

ద్వారం వారిది ఇంకో కథ. 1893లో బెంగళూరులో పుట్టారు. తండ్రి సైన్యంలో పనిచేసి, రిటైరై విశాఖలో స్థిరపడ్డారు. కొడుక్కి చూపు సరిగా ఆనేది కాదు. బడి చదువు సాగలేదు, ఫిడేలు మిగిలింది. ఇరవయ్యారేళ్లకి విజయనగరం సంగీత కళాశాలలో గురువయ్యారు, 1936లో ప్రిన్సిపాల్. పాటగాడి పక్కన కూర్చునే వాద్యాన్ని ముందుకు తెచ్చి దాని ఒక్కదానితోనే కచేరీలు చేశారు. ఫిడేలు నాయుడుగారు అంటే చాలు, ఇంటిపేరు అక్కర్లేకపోయింది. సిపాయి ఇల్లూ, సంగీతం ఇల్లూ ఒకటే అయిన ఊరు ఇది. మనకి ఆ సంగతి గుర్తులేదు.

మేము అడిగేవి పెద్ద కోరికలు కావు. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18నే చెప్పింది. మన నగరపాలక సంస్థ జీవీఎంసీ దాన్ని పాటిస్తే చాలు, ఎవరి పార్టీ అని చూడకుండా. అధికార లాంఛనాలకు రాతపూర్వకమైన నియమం పెట్టి అసెంబ్లీలో ఉంచాలి. నగరంలో మాజీ సైనికుడు ఎవరు పోయినా ఆ వార్డు సచివాలయం నుంచి ఒక ఉద్యోగి పూలదండతో వెళ్లాలి, పదకొండో రోజు దాటాక పింఛను కాగితాలతో మళ్లీ అదే మనిషి వెళ్లాలి. ద్వారం వారి గ్రామఫోన్ రికార్డుల్ని పాడుకానివ్వకుండా చూసి, తెల్లవారుజామున బీచ్ రోడ్డులో వాహనాలు ఆపే ఆ రెండు మూడు గంటలూ నడకకు వచ్చేవాళ్లకు వినిపించొచ్చు. ఖర్చు ఒక విగ్రహం దిమ్మె కంటే తక్కువే అవుతుంది.

కిందటి ఎన్నికలప్పుడు విగ్రహాలు కప్పడానికి ఎన్ని మీటర్ల గుడ్డ కొన్నారో జీవీఎంసీ దగ్గర బిల్లు ఉండే ఉంటుంది. ఎన్ని వార్డుల్లో ఎందరు మాజీ సైనికుల భార్యలు ఒంటరిగా ఉంటున్నారో ఆ లెక్క కూడా అదే ఫైలు పక్కన పెడితే, వచ్చే డిసెంబరు 7న మా పేపర్లో మొదటి పేజీలో వేస్తాం.