మావయ్యగారి భుజం తట్టిన కుర్రాడు

అమెరికాలో యేల్ యూనివర్సిటీ ఉన్న న్యూ హేవెన్, శనివారం మధ్యాహ్నం. టీవీలో ‘ది స్కల్స్’ నడుస్తోంది. 2000లో వచ్చిన సినిమా. గొప్పింటి పిల్లలు చదివే యూనివర్సిటీలో, పడవ పందాలు తప్ప వేరే ఆస్తి లేని కుర్రాడొకడు రహస్య సంఘంలో చేరతాడు. బ్యాంకులో డబ్బు పడుతుంది, కారొస్తుంది, ఆ తర్వాత ప్రాణస్నేహితుడి శవం కనిపిస్తుంది. సోఫాకి ఆ చివర మావయ్యగారు, ఈ చివర అత్తయ్యగారు, మధ్యలో జంతికల డబ్బా. నేను పక్క గదిలో లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. పని చేశానని మాత్రం చెప్పను.

మావయ్య: ఆపు! ఆ సినిమా ఆపు!

అత్తయ్య: రిమోట్ మీ చేతిలోనే ఉంది.

మావయ్య: (ఆపి) సుభద్రా, నిన్న హై స్ట్రీట్‌లో ఒక బిల్డింగ్ ముందు నాకు ఫొటో తీశావు, గుర్తుందా?

అత్తయ్య: ఏదీ, ఆ మిర్చి కోల్డ్ స్టోరేజీ ముందా?

మావయ్య: కోల్డ్ స్టోరేజీ కాదే! స్కల్ అండ్ బోన్స్ అని, ఇక్కడి యేల్ యూనివర్సిటీ పిల్లల రహస్య సంఘం, వాళ్ళది. 1856లో కట్టారు. దాన్ని వాళ్ళే సమాధి అని పిలుచుకుంటారు.

అత్తయ్య: బతికున్నవాళ్ళు సమాధిలో కూర్చోవడమేంటి, శని కాకపోతే.

మావయ్య: అక్కడే కదా, ఆ పొడుగాటి కుర్రాడు వెనకనుంచి వచ్చి నా భుజం తట్టింది?

అత్తయ్య: తట్టాడు. అయితే?

మావయ్య: అయితే ఏంటి! అదే వాళ్ళ పిలుపు! ఎవణ్ణి ఎంచుకుంటే వాడి భుజం తడతారు. ఇది ఏ నెల?

అత్తయ్య: ఏప్రిల్.

మావయ్య: వాళ్ళు తట్టేదీ ఏప్రిల్‌లోనే!

అత్తయ్య: గురక ఆపండని పెళ్ళైన దగ్గర్నుంచీ నేను మీ భుజం తడుతూనే ఉన్నాను. ఒక్కరోజు కదిలింది లేదు. దారినపోయేవాడు ఒక్కసారి తడితే మెంబరైపోయారా?

మావయ్య: నీకు వేళాకోళంగా ఉంది. ఏడాదికి 15 మందినే తీసుకుంటారు తెలుసా?

అత్తయ్య: మీ వాకింగ్ బ్యాచ్‌లో ఉన్నది ఆరుగురు. వాళ్ళే మిమ్మల్ని వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు.

మావయ్య: నేనే బయటికొచ్చాను.

అత్తయ్య: ‘రిమూవ్డ్’ అని పడింది. నాకూ చదవడం వచ్చు. అయినా వాళ్ళకి కావలసింది కాలేజీ పిల్లలు కదా?

మావయ్య: (గొంతు తగ్గించి) మూడో ఏడు చదివేవాళ్ళని పిలుస్తారు.

అత్తయ్య: ఓ, అలాగైతే మీకు అర్హత ఉంది. బీఏ మూడో ఏడు మీరు చదివినన్నిసార్లు వాళ్ళలో ఎవరూ చదివుండరు.

(కాసేపు జంతికల చప్పుడు. అత్తయ్యగారు డబ్బాలో వెతికి, మెత్తగా ఉన్నవి ఏరి ఆయన వైపు పెట్టారు. ఆయన పన్ను సంగతి ఆవిడకే తెలుసు.)

మావయ్య: మామూలు మనుషులనుకున్నావా? విలియం రస్సెల్, ఆల్ఫోన్సో టాఫ్ట్ అని ఇద్దరు కలిసి 1832లో పెట్టారు. ఆ టాఫ్ట్ గారబ్బాయి ప్రెసిడెంటయ్యాడు. పెద్ద బుష్షు, చిన్న బుష్షు, ఇద్దరూ ఇందులో వాళ్ళే. 2004లో చిన్న బుష్షు మీద పోటీ చేసిన జాన్ కెర్రీ కూడా!

అత్తయ్య: అధికారపక్షమూ వాళ్ళే, ప్రతిపక్షమూ వాళ్ళేనా?

మావయ్య: టీవీలో అడిగితే ఒక్కడూ నోరు విప్పలేదు. అంత రహస్యం!

అత్తయ్య: అదుగో, అక్కడే మీ పని అయిపోయింది. మీ నోట్లో నువ్వుగింజ నానదు. పెద్దాడికి పిల్లని చూడ్డానికి వెళ్తున్నాం, ఎవరికీ చెప్పకండని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. సాయంత్రానికి పాలవాడు ‘అమ్మాయి మరీ పొట్టటగా అమ్మా’ అన్నాడు.

(ఆ అమ్మాయిని నేనే. నాకూ ఇప్పుడే తెలిసింది.)

మావయ్య: అసలు మనకీ ఈ యూనివర్సిటీకీ చుట్టరికం ఈనాటిది కాదు. ఎలిహు యేల్ ఎవరనుకున్నావు? మద్రాసులో ఈస్టిండియా కంపెనీ గవర్నరు. 1687 నుంచి 1692 దాకా సెయింట్ జార్జి కోటలోనే ఉన్నాడు. మా తాత చదివిందీ మద్రాసులోనే!

అత్తయ్య: ఇద్దరూ ఒకే బెంచీలో కూర్చునేవారా?

మావయ్య: చెప్పేది విను. మద్రాసులో బాగా వెనకేసుకుని ఇంగ్లండు వెళ్ళిపోయాడు. 1718లో ఇక్కడి కాలేజీకి తొమ్మిది బేళ్ళ సరుకు, 417 పుస్తకాలు, రాజుగారి పటం ఒకటి పంపించాడు. ఆ సరుకు అమ్మితే 562 పౌన్లొచ్చాయి. దానికే కాలేజీకి ఆయన పేరు పెట్టేశారు.

అత్తయ్య: నాలుగు మూటలు పంపినందుకు కాలేజీకి పేరు పెట్టారా! మా నాన్న మీకు మూడు జతల బట్టలు, వీఐపీ సూట్‌కేసు, హెచ్ఎంటీ వాచీ పెట్టాడు. మీ ఇంట్లో ఒక్కళ్ళు ఆయన పేరు తలుచుకున్న పాపాన పోలేదు.

మావయ్య: ఆ వాచీ నెలకే ఆగిపోయింది.

అత్తయ్య: మీరు తాళం తిప్పలేదు కనక.

(సినిమా మళ్ళీ మొదలైంది. కొత్తగా చేరినవాళ్ళ మణికట్టు మీద ముద్ర కాలుస్తున్నారు. మావయ్యగారు తన మణికట్టు లుంగీ మడతలో దాచుకున్నారు.)

అత్తయ్య: మీకెందుకండీ ఇవన్నీ? బీపీ చూడ్డానికి పట్టీ బిగిస్తేనే అమ్మో అంటారు.

మావయ్య: అది కాదు... ఆ విలేకరి కుర్రాణ్ణి చంపేశారు చూశావా? మెంబరు స్నేహితుడే పాపం. లోపలి సంగతి తెలిసిపోయిందని!

అత్తయ్య: తెలిసినవాళ్ళకి కదా ప్రమాదం. మీకేం తెలుసని చంపుతారు? గ్యాస్ పుస్తకం ఎక్కడుందో కూడా తెలీదు.

మావయ్య: ఇంకో ఆనవాయితీ ఉందట. బయటివాళ్ళు ఎవరైనా ఆ పేరెత్తితే, మెంబరు వెంటనే గదిలోంచి లేచి వెళ్ళిపోవాలట.

అత్తయ్య: ఏ పేరు?

మావయ్య: అదే.

అత్తయ్య: స్కల్ అండ్ బోన్సా?

(మావయ్యగారు ఒక్క క్షణం ఆలోచించారు. లేచారు. లుంగీ సర్దుకుని హుందాగా వంటింట్లోకి వెళ్ళిపోయారు.)

అత్తయ్య: ఎలాగూ వెళ్ళారు కాబట్టి, పాలు పొంగుతున్నాయేమో చూడండి.

(వచ్చి కూర్చున్నారు.)

మావయ్య: వాళ్ళ గుర్తు కింద 322 అని ఉంటుంది. డెమోస్తనీస్ అనే గ్రీకు వక్త క్రీస్తుపూర్వం 322లో పోయాడని, దానికీ దీనికీ ముడిపెడతారు. విచిత్రం ఏంటంటే నా జీపీఎఫ్ నంబరులో 3, 2 పక్కపక్కనే ఉన్నాయి. ఇంకొక్క 2 ఉంటే...

అత్తయ్య: పూర్తి 322 కూడా మీకు వచ్చింది. సంక్రాంతికి అరిసెలు తిన్న మర్నాడు, షుగరు.

మావయ్య: నీకు కుళ్ళు. ఆడవాళ్ళని చేర్చుకోరనే కదా నీ బాధ?

అత్తయ్య: ఎందుకు చేర్చుకోరు?

మావయ్య: (ఇరుక్కుని) అంటే... 1991లో కుర్రాళ్ళు ఆడపిల్లల్ని పిలిచారట. పాత మెంబర్లకి కోపం వచ్చి బిల్డింగ్ తాళాలు మార్చేశారట. తర్వాత ఓట్లు పెట్టుకుని, చివరికి ఒప్పుకున్నారు.

అత్తయ్య: తాళాలు మార్చుకుంటే మాత్రం ఏమైంది, చచ్చినట్టు దిగొచ్చారు కదా. అసలు ఆ చేరినవాళ్ళు లోపల చేసేదేంటి?

మావయ్య: ఒక్కొక్కళ్ళూ లేచి తమ జీవితకథంతా మిగతావాళ్ళకి చెప్పుకోవాలి.

అత్తయ్య: వద్దండీ. ఆ పిల్లలకి తల్లిదండ్రులున్నారు. మీరు గుంటూరు ట్రాన్స్‌ఫర్ కథ ఎత్తుకున్నారంటే, మిగతా పద్నాలుగు మందీ పరీక్షలకి కూడా అందరు. (ఆగి) స్కల్ అండ్ బోన్స్!

మావయ్య: ఇప్పుడెందుకే?

అత్తయ్య: చెత్త సంచీ నిండింది. కింద పడేసి రండి.

(నిజంగానే వెళ్ళి పడేసి వచ్చారు. ఇంత క్రమశిక్షణ మా ఆయనకి కూడా తట్టి నేర్పితే బాగుండును.)

మావయ్య: (ఎగశ్వాసతో) అవునూ, ఆ కుర్రాడు తట్టి ఏదో అన్నాడు. మంకీ క్యాప్ చెవుల మీద ఉండి నాకు వినపడలేదు. నువ్వు పక్కనే ఉన్నావుగా, ఏమన్నాడు?

అత్తయ్య: రహస్యం.

మావయ్య: సుభద్రా!

అత్తయ్య: చెప్తే ఏడుస్తారు. మీ కొత్త కోటుకి ధర చీటీ వేలాడుతోందన్నాడు.

(నిశ్శబ్దం.)

అత్తయ్య: ఊరెళ్ళేముందు కొట్లో వాపసిచ్చేద్దామని కాలరు లోపలికి దోపుకుని తిరుగుతున్నారుగా. అది బయటికొచ్చి వీపు మీద ఆడుతోంది. పాపం మంచి పిల్లాడు, నలుగురూ నవ్వుతారని చెప్పాడు.

మావయ్య: (చాలాసేపు ఆలోచించి) అది నెపం.

అత్తయ్య: ఏంటీ?

మావయ్య: రహస్యంగా పిలవడానికి వచ్చినవాడు నడిరోడ్డు మీద, నీ ముందర, అసలు మాట చెప్తాడా? చీటీ చూసుకోమన్నాడంటే అందులోనే ఏదో ఉంది! నంబరు! చీటీ మీద నంబరుంటుంది!

(పరుగున వెళ్ళి కోటు తెచ్చారు. కాలరు తిప్పారు, చేతులు తిరగేశారు, జేబులు దులిపారు.)

మావయ్య: చీటీ ఏదీ?

అత్తయ్య: కత్తిరించేశాను.

మావయ్య: చీటీ లేకపోతే వాపసు తీసుకోరే! అరవై డాలర్లు! రూపాయల్లో ఎంతో తెలుసా?

అత్తయ్య: తెలుసు. అందుకే రూపాయల్లో లెక్కెయ్యలేదు. రాత్రంతా దగ్గుతూనే ఉన్నారు. కోటు వేసుకోరా అంటే, నలిగిపోతుంది, వాపసివ్వాలంటారు. దేనికొచ్చిన కోటది?

మావయ్య: తెనాలిలో కోటెక్కడ వేసుకోను? జనవరిలో కూడా ఫ్యాను తిరగాల్సిందే.

అత్తయ్య: పార్కుకి వేసుకెళ్ళండి. ఆ ఆరుగురి ముందు రెండు చుట్లు తిరగండి, చాలు.

(ఆ మాట మావయ్యగారికి లోపల ఎక్కడో తగిలింది. కోటు తొడుక్కుని అద్దంలో చూసుకున్నారు. గుండీలు పెట్టుకున్నారు. అంతలోనే మళ్ళీ పురుగు కుట్టింది.)

మావయ్య: ఇంతకీ సినిమాలో ఆ సమాధి మన ఫొటోలో ఉన్నట్టు లేదే?

అత్తయ్య: కోడలు చెప్పింది, చాలావరకు టొరంటో యూనివర్సిటీలో తీశారట. ఎక్కడో కెనడాలో తీసిన సినిమా చూసి, ఇక్కడ మీరు కోటు జేబులు దులుపుతున్నారు.

మావయ్య: అదంతా సరే, చీటీ ఎక్కడ పడేశావు? చెత్త సంచీలోనా?

అత్తయ్య: ఏమో, గుర్తులేదు.

మావయ్య: ఇందాక నా చేత్తోనే పడేయించావు కదే! (చెప్పులు వెతుక్కుంటూ) 322 ఉంటే మాత్రం నీ సంగతి చెప్తాను!

అత్తయ్య: క్యాపు! మంకీ క్యాపు పెట్టుకెళ్ళండి!

(తలుపు పడింది. నేను ఇవతలికి వచ్చాను.)

నేను: ఆ చీటీ నిజంగా చెత్తలో వేశారా అత్తయ్యా?

అత్తయ్య: లేదమ్మా, నా పర్సులో ఉంది. చూశాను కూడా. పన్నెండంకెలున్నాయి, ఒక్క 3 కూడా లేదు. ఆ మాట చెప్తే రాత్రికి అన్నం సరిగ్గా తినరు, వెతుక్కోనీ. ఆ విలేకరి పిల్లాడి శవం తీసేసి నా సీరియల్ పెట్టు. ఆయన పైకొచ్చేసరికి సగమైనా అవుతుంది.