కాయ లేచింది, ఇక శాస్త్రం కూర్చోవచ్చు

మొన్న వేసవిలో మునుగోడు పక్కన మా చిన్నాయన చెలకలో బోరు పాయింటు చూడటానికి వచ్చిన పెద్దమనిషిని కలిసిన తరువాత, ప్రయోగశాలలన్నింటికీ తాళాలు వేసి ఆ ఖర్చుతో కొబ్బరికాయలు కొనడమే మేలని నాకు అర్థమైంది. ఆయన జుట్టున్న కాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకొని, చెప్పులు విడిచి, కళ్లు అరమూసి నడిచారు. చింతచెట్టుకు పడమట కాయ నిలువుగా లేచింది. అక్కడ 450 ఫీట్లు వేస్తే తెల్లటి దుమ్ము లేచింది. చెట్టు నీడకు కాయ తడబడిందట. పది అడుగులు జరిగి వేస్తే మళ్లీ దుమ్మే. ఎవరో చెప్పులతో అడ్డం వచ్చారట. ఆ ఎవరో నేనే. మూడోసారి 620 ఫీట్ల దగ్గర ఇంచున్నర నీళ్లు పడగానే "నేను చెప్పలేదా?" అన్నారు. నిజమే, మూడుసార్లు చెప్పారు.

ఈ సౌకర్యం లేక శాస్త్రజ్ఞులు పడిన అవస్థ చూడండి. 1987-88లో జర్మనీలోని మ్యూనిక్ దగ్గర, నీటి జాడ చెబుతామన్న సుమారు 500 మందిలో ఆరితేరిన 43 మందిని ఏరి, ఒక కొట్టం పైఅంతస్తులో నడిపించి, కింద నీళ్ల గొట్టాన్ని లాటరీ తీసినట్లు ప్రతిసారీ కొత్త చోటికి జరిపి, 843 సార్లు పరీక్షించారు. కొందరికి ఆ విద్య ఉందని నిర్వాహకులు సంబరపడితే, ఎన్‌రైట్ అనే మరో శాస్త్రజ్ఞుడు అవే లెక్కలు తిరగేసి, గుడ్డిగా చెప్పినా అంతే వస్తుందని తేల్చాడు. తోటివాళ్ల లెక్కనే తప్పుపట్టేవాళ్లతో ఏ ఊరు బాగుపడుతుంది?

తువ్వాలుతో ఆయన కళ్లు కట్టి మళ్లీ నడిపిద్దాం, కాయ అక్కడే లేస్తుందేమో చూద్దామని నేనన్నాను. "గంగమ్మకే పరీక్ష పెడ్తవారా?" అని చిన్నాయన గద్దించాడు. కాయ లేవని చోట కూడా ఒక బోరు వేస్తే గదా తేడా తెలిసేది అని అడిగే ధైర్యం ఇక చేయలేదు. ఆ మూడు బోర్లకే వడ్డీకి తెచ్చారు.

ఇంతవరకు నవ్వవచ్చు. కానీ ఇది ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగిన మనుషుల నేల. పటికతో, సున్నంతో నీటిలోని ఫ్లోరైడును తీసే పద్ధతికి మా నల్లగొండ పేరే పెట్టారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగరాదు. ఆ 620 ఫీట్ల నీటిలో అది ఎంతుందో, ఒక్క సీసా పట్టి పరీక్షకు పంపిన మనిషి లేడు! కాయ పట్టిన చేతికి డబ్బులు దొరుకుతాయి, పిల్లలు తాగే నీళ్ల పరీక్షకు దొరకవా? ఫ్లోరైడు సంగతి ఏ కాయ లేచి చెప్పిందయ్యా?

పూజ ముగిశాక చిన్నాయన తొలి చెంబు నీళ్లు భక్తితో ఆయనకే అందించాడు. ఆయన కళ్లకద్దుకొని పక్కన పెట్టి, బండికి తగిలించిన సంచిలోంచి ఫిల్టరు నీళ్ల సీసా తీసి తాగారు.