రోజుకు పదకొండు మాత్రలు

అమెరికాలోని లాటినోలు, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవారు, షుగర్ మందులు సరిగా వాడరన్నది అక్కడి వైద్యరంగంలో ఏళ్లుగా వినిపిస్తున్న ఫిర్యాదు. ఆ దేశంలో పెద్దవాళ్లకు జీవితకాలంలో టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం 40 శాతమైతే, లాటినోలకు 50 శాతానికి పైనే. అందుకే ఈ ఫిర్యాదును తేలిగ్గా కొట్టిపారేయలేం. అయితే బోనులో నిలబెడుతున్నది ప్రతిసారీ రోగినే. నేనైతే ముందు మందు సీసా మీది చీటీని నిలబెడతాను.

న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో మందుల దుకాణాలు కంప్యూటరుతో స్పానిష్‌లోకి మార్చి అంటించే చీటీలను పరిశోధకులు పరిశీలించి, 2010లో ఫలితాలు ప్రకటించారు. సగం చీటీల్లో తప్పులున్నాయి. నోటితో తీసుకోవాలని చెప్పవలసిన చోట 'బోకా' అనే మాట 'పోకా' అయింది. బోకా అంటే నోరు, పోకా అంటే కొంచెం. కొన్ని మాటలైతే అనువాదమే కాకుండా ఇంగ్లీషులోనే మిగిలిపోయాయి. వాటిలో ఒకటి 'రోజుకు ఒక్కసారి' అనే సూచన. ఇంగ్లీషువారు 'వన్స్' అని చదివే ఆ నాలుగక్షరాలనే స్పానిష్ తెలిసినవారు 'ఓన్సే' అని చదువుతారు. ఓన్సే అంటే పదకొండు! రోజుకు పదకొండు మాత్రలని చదివి, హడలిపోయి సీసాను అలమరలో పెట్టేసిన మనిషిని 'మాట వినని రోగి' అనడం ఘోరమైన అన్యాయం.

భాష ఒక్కటే కారణం కాదనేవారి దగ్గరా ఆధారం ఉంది. ఉత్తర కాలిఫోర్నియాలో బీమా ఉన్న రోగులపై 2017లో వెలువడిన అధ్యయనంలో, డాక్టరుకు స్పానిష్ వచ్చినా సరే, ఇంగ్లీషు అంతగా రాని లాటినోలు కొత్తగా రాసిన షుగర్ మందులు వాడటంలో వెనకబడే ఉన్నారు. కాబట్టి ఇది నమ్మకాల సమస్య అంటారు. ఇన్సులిన్ వేసుకుంటే కళ్లు పోతాయన్న భయాన్ని ఉదాహరణగా చూపుతారు.

ఆ భయం ఊరికే పుట్టలేదు. తండ్రికో మేనత్తకో ఇన్సులిన్ మొదలుపెట్టేనాటికే షుగర్ ఏళ్ల తరబడి కంటి వెనకుండే రెటీనా పొరను తినేసి ఉంటుంది. సూది మొదలైన కొన్నాళ్లకు చూపు పోతుంది. ఇంట్లోవాళ్ల కళ్లముందు జరిగింది ఆ వరుసలోనే. మరి వైద్యం అంత ఆలస్యంగా ఎందుకు అందింది? ఇన్సులిన్ కనిపెట్టినవారు 1923లో ఒక్కొక్కరు ఒక్క డాలరు పుచ్చుకుని పేటెంటును టొరంటో విశ్వవిద్యాలయానికి రాసిచ్చేశారు. అదే అమెరికాలో 1996లో 21 డాలర్లున్న హ్యుమలాగ్ అనే ఇన్సులిన్ సీసా 2019 నాటికి సుమారు 275 డాలర్లయింది. నెలకు 35 డాలర్లకు మించకూడదని 2023లో అమల్లోకి వచ్చిన చట్టం మెడికేర్ (ముఖ్యంగా 65 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) ఉన్నవారికే వర్తిస్తుంది. లాటినోలు పెద్దసంఖ్యలో ఉండే టెక్సాస్‌లో బీమా లేనివారి శాతం దేశంలోనే ఎక్కువ. సరిహద్దు దాటి మెక్సికోలో మందులు కొనుక్కొచ్చే వారిని మందుల మీద నమ్మకం లేనివారని ఎలా అంటాం? ఇక డాక్టరు స్పానిష్ మాట్లాడేది ఆ గదిలో ఉన్న కొద్ది నిమిషాలే. ఆ తర్వాత నెలల తరబడి రోగికి దిక్కు ఆ చీటీయే.

ఈ విషయంలో మనమూ తక్కువ తినలేదు. తెలుగు రాష్ట్రాల్లో మందుల షాపులో ఇచ్చే మాత్రల పట్టీ మీద తెలుగు అక్షరం కనిపించడం ఎంత అరుదో అందరికీ తెలుసు. పది మాత్రల పట్టీలోంచి నాలుగు కత్తిరించి ఇస్తే, మందు పేరు ఒక ముక్కలో, గడువు తేదీ ఇంకో ముక్కలో పోతాయి. కాలిఫోర్నియాలో 2016 నుంచి, రోగి అడిగితే వాడే విధానాన్ని స్పానిష్, చైనీస్, కొరియన్, రష్యన్, వియత్నామీస్ భాషల్లో రాసివ్వాలని చట్టం ఉంది. 'ఉదయం ఒక మాత్ర వేసుకోండి' అనే పాటి వాక్యాలే అవి. తెలుగునాట తెలుగులో ఆ ఒక్క వాక్యం అచ్చువేయడానికి అడ్డమేమిటో ప్రభుత్వాలు చెప్పాలి.

మా వీధిలో ఒక పెద్దావిడ తన మాత్రలను రంగుతో గుర్తుపెట్టుకుంటుంది. పొద్దున తెల్లది, రాత్రి గులాబీది. కిందటి నెల షాపులో అదే మందు వేరే కంపెనీది ఇచ్చారు. అది పసుపుపచ్చగా ఉంది. కొత్త మందేమో అనుకుని, డబ్బాలో మిగిలిన తెల్ల మాత్రలతో పాటు దాన్నీ వేసుకుంది.